కంపెనీ కల్చర్‌ని చదవడం, కట్టడం: మొదటి నెల నుంచి ఏడాది దాకా ఏం చేయాలి

కల్చర్ అనగానే చాలామందికి గోడమీద ఫ్రేము కట్టించిన నాలుగు విలువలు, ఏడాదికోసారి జరిగే ఆటపాటలు గుర్తొస్తాయి. అమెరికాలో ఎన్‌రాన్ అనే ఇంధన సంస్థ కూడా గౌరవం, నిజాయతీ, సంభాషణ, శ్రేష్ఠత అని నాలుగు విలువలు రాసుకుంది. దొంగలెక్కలు బయటపడి 2001 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. ఆ నాలుగు మాటల్లో తప్పేమీ లేదు. కానీ అక్కడ బోనస్ దేనికి వస్తుందో, ఎవరు పైకి వెళ్తున్నారో జనం రోజూ చూస్తున్నారు. చూసిందే నేర్చుకున్నారు.

అందుకని పనికొచ్చే నిర్వచనం ఒకటి పెట్టుకుందాం. ఇక్కడ ఏం చేస్తే మేలు జరుగుతుంది, ఏం చేస్తే చిక్కుల్లో పడతాం, ఏం చేసినా ఎవరూ పట్టించుకోరు అని ఉద్యోగులు అనుభవం మీద నేర్చుకున్నదే కల్చర్. దాన్ని మార్చాలంటే ఆ పాఠం ఎక్కడెక్కడ నేర్పుతున్నామో వెతికి అక్కడే చెయ్యి పెట్టాలి. 30 మంది ఉన్న కంపెనీకైనా, 3,000 మంది ఉన్న కంపెనీకైనా కింద చెప్పిన వరుస పనికొస్తుంది.

1. మొదటి నాలుగు వారాలు: రాయకండి, చదవండి

కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్లు మొదట చేసే పొరపాటు విలువల మీద వర్క్‌షాప్ పెట్టడం. ఉన్నదేమిటో తెలియకుండా కావలసినది రాస్తే, ఆ కాగితాన్ని ఉద్యోగులు మొదటిరోజే పక్కన పెట్టేస్తారు.

ఈ రంగంలో పేరున్న పండితుడు ఎడ్గర్ షైన్ కల్చర్‌ని మూడు పొరలుగా చూడమన్నాడు. పై పొర కంటికి కనిపించేది: ఆఫీసు అమరిక, ఈమెయిళ్ల భాష, మీటింగులో ఎవరు ఎక్కడ కూర్చుంటారు అన్నవి. రెండోది నోటితో చెప్పుకునేది. అన్నిటికంటే అడుగున ఉన్నది ఎవరూ చెప్పనిది, అందరూ నమ్మేది. ‘బాస్ ముందు సందేహం అడిగితే చేతకానివాడని అనుకుంటారు’ అన్నది అలాంటి నమ్మకం. మీకు కావలసింది ఈ మూడో పొర. నేరుగా అడిగితే అది బయటికి రాదు. జరిగిన నిర్ణయాల్లో వెతకాలి.

అందుకు ముందుగా నాలుగు జాబితాలు తయారు చేసుకోండి: గత ఏడాదిలో ఇచ్చిన చివరి 10 ప్రమోషన్లు, రిజైన్ చేసిన లేదా తీసేసిన చివరి 10 మంది, బాగా నష్టం తెచ్చిన 5 పొరపాట్లు, పై ముగ్గురు నలుగురు అధికారుల గత 4 వారాల క్యాలెండర్. ఒక్కో ప్రమోషన్ పక్కన ఒకే వాక్యం రాయండి: ‘ఈ మనిషి ఏం చేసినందుకు పైకి వెళ్లారని పక్క సీటువాళ్లు అనుకుంటున్నారు?’ ఫైల్లో రాసిన కారణం మీకు అక్కర్లేదు. పదింటిలో ఆరింటికి ‘రాత్రింబవళ్లు మంటలు ఆర్పాడు’ అని వచ్చిందనుకోండి. మంట రాకుండా చూసుకునేవాళ్లకు మీ దగ్గర విలువ లేదన్నమాట. క్యాలెండర్లు మరీ మొహమాటం లేకుండా మాట్లాడతాయి. కస్టమరే మాకు ముఖ్యమని చెప్పే డైరెక్టర్ 4 వారాల్లో ఒక్క కస్టమర్‌తో కూడా మాట్లాడకపోతే, కింద ఉన్నవాళ్లకు ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.

తర్వాత మనుషులతో కూర్చోండి. 100 మంది ఉన్నచోట 12 నుంచి 15 మంది చాలు, ఒక్కొక్కరికి 45 నిమిషాలు. అన్ని విభాగాలు, అన్ని స్థాయిలు తగలాలి. చేరి రెండు మూడు నెలలైనవాళ్లు కనీసం ముగ్గురుండాలి. వాళ్ల కళ్లకు వింతలు ఇంకా వింతగానే కనిపిస్తాయి, ఏడాది గడిస్తే అలవాటైపోతాయి. వాళ్ల మేనేజర్ మాత్రం ఈ ఇంటర్వ్యూ చేయకూడదు. అడగాల్సినవి ఇవి:

- ఇక్కడ కొత్తగా చేరిన స్నేహితుడికి చెవిలో ఏం చెప్తారు?
- ఇక్కడ పైకి రావాలంటే ఏం చేయాలి? ఏం చేస్తే పేరు చెడుతుంది?
- చివరిసారి ఎవరైనా చెడువార్త మోసుకొచ్చినప్పుడు ఏం జరిగింది?
- పెద్దల నిర్ణయం తప్పని మీకు అనిపించిన సందర్భం ఏది? అప్పుడు ఏం చేశారు?

‘మా కల్చర్ ఎలా ఉంది?’ అని అడగకండి. ‘బాగుందండీ’ అనే మర్యాద తప్ప మరేమీ రాదు. జరిగిన సంఘటన అడగాలి, వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. పేర్లు బయటపెట్టనని మాటిచ్చే ముందు దాని హద్దు కూడా చెప్పండి: వేధింపు, భద్రత, మోసం లాంటివి బయటపడితే నియమం ప్రకారం పైకి చెప్పాల్సి ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే, ఒక్క ఫిర్యాదుతో మీ మీద నమ్మకం మొత్తం పోతుంది.

అంకెల్లో కూడా చూడాలనుకుంటే కిమ్ కామెరాన్, రాబర్ట్ క్విన్ అనే పరిశోధకులు రూపొందించిన పద్ధతి వాడండి. ఆరు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. ఒకటి కుటుంబంలా ఉండే సంస్థ, ఒకటి ప్రయోగాలు చేసే సంస్థ, ఒకటి పోటీ మీద నడిచే సంస్థ, ఒకటి నియమాల మీద నడిచే సంస్థ. ప్రతి ప్రశ్నకూ 100 పాయింట్లను ఈ నాలుగింటికీ పంచాలి. ముందు ‘ఇప్పుడెలా ఉంది’, తర్వాత ‘ఎలా ఉండాలి’ అని రెండుసార్లు నింపించాలి. 10 పాయింట్లు దాటిన తేడా కనిపించినచోట ఆగి మాట్లాడించండి. పై అధికారుల అంకెల్నీ కిందివాళ్ల అంకెల్నీ కలిపి సగటు తీయకండి. ఆ రెండింటి మధ్య తేడాలోనే అసలు విషయం ఉంటుంది.

2. చెడువార్త ఎన్ని రోజులు ప్రయాణం చేస్తోందో కొలవండి

ఒక్క కొలతే పెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. మిగతావన్నీ దీని తర్వాతే.

1986 జనవరి 27 రాత్రి అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో జరిగిన టెలిఫోన్ మీటింగులో రాకెట్ బూస్టర్లు తయారు చేసే థియోకోల్ కంపెనీ ఇంజినీర్లు రేపటి ప్రయోగం వద్దన్నారు. చలికి అతుకుల్లోని రబ్బరు రింగులు బిగుసుకుపోతాయన్నది వాళ్ల భయం. నాసా అధికారులు ఆ మాటకు ఎదురు తిరిగారు. థియోకోల్ మేనేజర్లు విడిగా మాట్లాడుకుని తమ ఇంజినీర్ల మాటను పక్కనపెట్టి సరే అన్నారు. ప్రయోగానికి చివరి అనుమతి ఇచ్చిన పెద్దలకు ఈ వాదన జరిగిందన్న సంగతే చేరలేదు. మర్నాడు చాలెంజర్ వ్యోమనౌక గాల్లోకి లేచిన 73 సెకన్లకే ముక్కలైంది, ఏడుగురు పోయారు. 2003లో నాసా మరో వ్యోమనౌక కొలంబియా కూలిపోయాక విచారణ మండలి, ప్రమాదంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడి రెక్కకు తగిలిన నురుగు ముక్కకు ఎంత పాత్ర ఉందో సంస్థ కల్చర్‌కీ అంత పాత్ర ఉందని తేల్చింది. మీ కంపెనీలో ప్రాణాలు పోకపోవచ్చు. మాట ఆగిపోయే తీరు మాత్రం ఇదే.

మీరు రాసుకున్న ఆ ఐదు పొరపాట్లు తీసుకోండి. ఒక్కోదానికీ రెండు తేదీలు వెతకండి: సమస్య ఉందని మొదటి మనిషికి తెలిసిన రోజు, దాన్ని సరిచేసే అధికారం ఉన్న మనిషికి తెలిసిన రోజు. ఈ రెండింటి మధ్య ఉన్న రోజులే మీ కొలత. మధ్యలో ఎవరి దగ్గర ఆగిందో కూడా రాయండి. నింద వేయడానికని కాదు, ఎందుకు ఆగిందో తెలియాలని. చాలాసార్లు కారణం పిరికితనం అయ్యుండదు. ‘పరిష్కారం లేకుండా సమస్య తీసుకురావొద్దు’ అని ఎవరో పెట్టిన నియమం అయ్యుంటుంది. వినడానికి బాగుంటుంది గానీ, పరిష్కారం చేతిలో లేని పెద్ద సమస్యలన్నిటినీ కిందనే పాతిపెట్టే నియమం అది. మీ దగ్గర ఉంటే ఈ వారమే తీసేయండి.

ఇక్కడొక హెచ్చరిక. మాట స్వేచ్ఛగా కదలడం మొదలయ్యాక నమోదయ్యే పొరపాట్లు పెరుగుతాయి. 1990ల్లో పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను చూసినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే లెక్క ఎక్కువగా కనిపించింది. ఆ బృందాల్లో పొరపాటును దాచకుండా చెప్పుకునేవాళ్లన్నదే ఆమె ఇచ్చిన వివరణ. కాబట్టి మొదటి ఆరు నెలల్లో అంకె పెరిగితే కంగారుపడి ఎవరినీ నిలదీయకండి. మీరు అడిగిందే వస్తోంది.

3. మూడు నాలుగు ప్రవర్తనలు ఎంచుకోండి

రెండో నెలలో ఇప్పుడు రాయండి. విలువల జాబితా వద్దు. ఎవరు, ఏ సందర్భంలో, ఏం చేయాలో చెప్పే వాక్యాలు రాయాలి. నాలుగు దాటితే ఎవరికీ గుర్తుండవు.

ఒక వాక్యం పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి దాన్ని తిరగేసి చూడండి. ‘మేం నాణ్యతకు విలువ ఇస్తాం’ అన్నదాన్ని తిరగేస్తే ‘మేం నాసిరకం పని చేస్తాం’ అవుతుంది. అలా ఏ కంపెనీ చెప్పదు గనుక మొదటి వాక్యం కూడా ఏమీ చెప్పడం లేదు. ‘గడువు, నాణ్యత రెండూ పోటీపడితే గడువు వదులుకుంటాం, ఆ సంగతి కస్టమర్‌కి అదేరోజు చెప్తాం’ అన్నది వేరు. తెలివైన మరో కంపెనీ దీనికి సరిగ్గా వ్యతిరేకం ఎంచుకోవచ్చు. ఇందులో మనం ఏదో పోగొట్టుకుంటున్నాం కూడా. దేన్ని వదులుకుంటామో చెప్పని వాక్యాన్ని కొట్టేయండి.

టయోటా ఫ్యాక్టరీల్లో నాణ్యత గురించి చెప్పడానికి ఒక తాడు (కొన్నిచోట్ల బటన్) ఉంటుంది, దాన్ని ఆండన్ తాడు అంటారు. లోపం కనిపించిన కార్మికుడు దాన్ని లాగుతాడు. టీమ్ లీడర్ వెంటనే పరిగెత్తుకొస్తాడు. కారు నిర్ణీత దూరం కదిలేలోపు సర్దుకోకపోతే తయారీ లైను ఆగిపోతుంది. ఉపన్యాసం అవసరమే ఉండదు. తాడు లాగినవాడి దగ్గరికి సాయం వచ్చిందా, తిట్లు వచ్చాయా అన్నదాంట్లోనే అన్నీ తెలిసిపోతాయి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఫ్యాక్టరీని 1984లో టయోటాతో కలిసి తిరిగి తెరిచారు. నాణ్యత లేదని, గైర్హాజరు విపరీతమని చెడ్డపేరు తెచ్చుకున్న చోటు అది. కొత్తగా తీసుకున్నవాళ్లలో చాలామంది పాత కార్మికులే, యూనియన్ కూడా పాతదే. పనిచేసే పద్ధతి మారింది. కొద్ది కాలంలోనే నాణ్యత బాగుపడింది, గైర్హాజరు పడిపోయింది. ‘మా మనుషులే అంత’ అని ఎవరైనా అన్నప్పుడు ఈ ఉదాహరణ చెప్పండి.

4. మూడో నెల నుంచి: రాసినదాన్ని డబ్బులోకి, పదవిలోకి తీసుకెళ్లండి

ఈ అడుగు వేయకపోతే మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు. అన్నీ ఒకేసారి మార్చొద్దు. కింద చెప్పినవాటిలో రెండింటితో మొదలుపెట్టండి. ప్రమోషన్ వాటిలో ఒకటి అయ్యుండాలి.

ప్రమోషన్. చాలా కంపెనీలు అప్రైజల్ ఫారంలో ప్రవర్తనకు 20 శాతం మార్కులు పెడతాయి. ఫలితం ఏమిటంటే, జట్టును ఏడిపించి టార్గెట్ దాటినవాడు మిగతా 80 శాతంలో ఆ లోటు పూడ్చుకుని పైకి వెళ్తాడు. ప్రవర్తనను మార్కుల్లో కలపకండి, గడపలా పెట్టండి: అది దాటనివాళ్ల పనితీరు ఎంత గొప్పదైనా మనుషుల్ని నడిపించే పదవి ఇవ్వకూడదు. జీతం పెంచొచ్చు, నిపుణుడి హోదా ఇవ్వొచ్చు. మేనేజర్‌ని మాత్రం చేయకూడదు. ప్రతి ప్రతిపాదనకూ ఒక పేజీ అడగండి. అందులో ఎంచుకున్న ఒక్కో ప్రవర్తనకు జరిగిన ఒక సంఘటన, దాన్ని చూసిన ఇద్దరి మాట ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు కింద పనిచేసినవాళ్లై ఉండాలి.

టార్గెట్లు. వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కస్టమర్ చేత ఎనిమిది ఖాతాలు, సేవలు తీసుకునేలా చేయాలని ఒత్తిడి ఉండేది. ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. అప్పటికే దాదాపు 5,300 మందిని బ్యాంకు తీసేసింది. కింది ఉద్యోగుల్ని వేలల్లో తీసేయాల్సి వచ్చిందంటే తప్పు వాళ్ల గుణంలో ఉందనుకోవడం కష్టం, లక్ష్యం పెట్టిన తీరులోనే ఉంది. మీ దగ్గరున్న ప్రతి టార్గెట్‌కీ ఈ ప్రశ్న వేయండి: ‘నిజాయతీగా చేరలేనివాడు దీన్ని ఏ దొడ్డిదారిన చేరతాడు?’ జవాబు దొరికితే దాన్ని పట్టుకునే రెండో అంకెను పక్కనే పెట్టండి. కొత్త ఖాతాల సంఖ్య పక్కన 90 రోజుల తర్వాత కూడా వాడుకలో ఉన్న ఖాతాల సంఖ్య ఉంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఉద్యోగంలోకి తీసుకోవడం. ‘మన కల్చర్‌కి సరిపోతాడా’ అన్న ప్రశ్నను ఇష్టానికి వదిలేస్తే మనలా మాట్లాడేవాళ్లని, మన కాలేజీవాళ్లనే తీసుకుంటాం. అందరికీ ఒకే నాలుగు ప్రశ్నలు, గతంలో జరిగిన సంఘటనల మీద అడగండి. ఇంటర్వ్యూ చేసిన ప్రతివాళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే 1 నుంచి 5 దాకా మార్కులు రాసేయాలి. పెద్దాయన ముందు నోరు తెరిస్తే మిగతావాళ్ల మార్కులు ఆయనవైపు జరిగిపోతాయి.

బాగా సంపాదించిపెట్టేవాడు నియమం తప్పినప్పుడు. అందరూ మీవైపు చూసే రోజు ఇదే. జరిగింది ఇదీ అని తేదీతో సహా విడిగా చెప్పండి. ఏం మారాలో రాతలో ఇవ్వండి, 30 రోజులు గడువు పెట్టండి, వారానికోసారి కూర్చోండి. గడువు అయ్యాక నిర్ణయాన్ని సాగదీయకండి. వేధింపు, మోసం అయితే ఈ 30 రోజులు వర్తించవు, వెంటనే విచారణకు వెళ్లాలి.

5. పెద్దల అలవాట్లు

వీటికి ఖర్చు లేదు, కానీ కష్టం. చెడువార్త విన్న మొదటి పది సెకన్లలో మీ ముఖం ఏం చెప్తుందో అదే మిగతా కంపెనీకి చేరుతుంది. అందుకని మూడు మాటలు ముందే అలవాటు చేసుకోండి: ‘చెప్పి మంచిపని చేశారు.’ ‘ఇప్పుడు మీకేం కావాలి?’ ‘మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందాం?’ ఎవరి తప్పు అన్న ప్రశ్న ఆ గదిలో వద్దు. నిర్ణయం తీసుకునే మీటింగుల్లో అందరికంటే పెద్ద హోదా ఉన్నవారు చివర మాట్లాడాలి. ఇది ఒక్కటీ రెండు నెలలు పట్టుదలగా చేస్తే మీటింగు రూపే మారిపోతుంది.

పొరపాటు జరిగాక చేసే సమీక్షకు కూడా కొలతలున్నాయి. ఐదు పనిదినాల్లోపు, 60 నిమిషాలు, పాల్గొన్నవాళ్లతోనే. ముందుగా ఏ గంటకు ఏం జరిగిందో వరుస రాయాలి. తర్వాత ప్రతి మలుపు దగ్గరా ‘ఆ క్షణంలో ఆ పని సరైనదిగా ఎందుకు అనిపించింది?’ అని అడగాలి. చివర మూడుకు మించని పనులు, ఒక్కోదానికి ఒక మనిషి, ఒక తేదీ. ఈ సమీక్షలు పాడయ్యేది ఎక్కువగా గదిలో కాదు, గది బయటే. రాసుకున్న పనులు ఆరు వారాలకు కూడా కదలకపోతే, తర్వాతిసారి ఎవరూ నిజం చెప్పే శ్రమ పెట్టుకోరు. అందుకే పాత సమీక్షలో మిగిలిన పనులు చదవకుండా కొత్త సమీక్ష మొదలుపెట్టకూడదు.

మధ్యస్థాయి మేనేజర్లను మర్చిపోవడం మామూలుగా జరిగే తప్పు. ఉద్యోగికి కంపెనీ అంటే తన మేనేజరే. పైవాళ్లు ప్రకటించిన మార్పు అతనికి అదనపు పనిగా మాత్రమే కనిపిస్తే అక్కడితో ఆగిపోతుంది. ప్రకటనకు రెండు వారాల ముందే 8 నుంచి 10 మంది చొప్పున వాళ్లను కూర్చోబెట్టి, దీనివల్ల మీ పనిలో ఏం తీసేయాలో చెప్పమని అడగండి. నిజంగానే ఏదో ఒకటి తీసేయండి.

6. మూడు నెలలకోసారి చూసుకోవాల్సినవి

సర్వే 8 నుంచి 10 ప్రశ్నలు దాటకూడదు. ఐదుగురికంటే తక్కువ మంది ఉన్న జట్టు ఫలితాన్ని విడిగా చూపకండి, ఎవరేమన్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఫలితాలు రెండు వారాల్లోపు, బాగా లేనివాటితో సహా, అందరికీ చూపించాలి. అడిగి చూపించకపోవడం కంటే అసలు అడగకపోవడమే నయం. మేనేజర్ బోనస్‌ను సర్వే మార్కులకు ముడిపెట్టకండి. అలా పెడితే ‘మంచి మార్కులు వేయండి’ అని జట్టును బతిమాలతాడు, లేదా బెదిరిస్తాడు.

సర్వేతోపాటు నాలుగు లెక్కలు చాలు: చెడువార్తకు పట్టిన రోజులు, పోగొట్టుకున్నందుకు మనం బాధపడ్డవాళ్ల రాజీనామాలు, చేరిన ఏడాదిలోపే వెళ్లిపోయినవాళ్లు, గడప నియమం వల్ల ఆగిన ప్రమోషన్లు. ఏడాది గడిచినా ఈ చివరి లెక్క సున్నా దగ్గరే ఉంటే రెండే అర్థాలుంటాయి. మీ దగ్గర అందరూ ఉత్తములైనా అయ్యుండాలి, నియమం కాగితం మీదే ఉండిపోయైనా ఉండాలి. ప్రమోషన్ల జాబితా తీసి మొదటి నెలలో అడిగిన ప్రశ్ననే మళ్లీ అడగండి.

మీరు కంపెనీ అధిపతి కాకపోతే

పైన చెప్పినవన్నీ మీ చేతిలో ఉండవు. అయినా 8 మంది జట్టుకు మీరు లీడర్ అయితే, ఆ 8 మందికి కల్చర్‌లో పెద్ద భాగం మీరే. వచ్చే సోమవారం జట్టు మీటింగులో మీరు ఈమధ్య చేసిన ఒక పొరపాటు, దానివల్ల జరిగిన నష్టం రెండు నిమిషాల్లో చెప్పండి. ఆ వారమంతా మీటింగుల్లో చివర మాట్లాడండి. ఎవరైనా చెడువార్త తెస్తే ఆ మూడు మాటలే అనండి. నాలుగు వారాలు ఇలా చేసి, ఆ తర్వాతే జట్టును అడగండి: ‘నాకు చెప్పాలనుకుని చెప్పకుండా ఆగిపోయింది ఏదైనా ఉందా?’ మొదటిసారి ఎవరూ నోరు విప్పకపోవచ్చు. గదిలో మౌనాన్ని భరించండి, మీరే మాట్లాడి నింపకండి. మళ్లీ రెండు వారాలకు అదే ప్రశ్న, ఈసారి ఒక్కొక్కరితో విడిగా అడగండి.